పచ్చలో పచ్చ

ఉదయం ఐదూ నలభై. కోస్టారికాలో మోంటెవెర్దే అనే కొండ ఊరికి పైన, అడవిలో ఒక చెట్టుకి ఎదురుగా నిలబడి ఉన్నాం. నేను, అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు, దారి చూపడానికి వచ్చిన గైడు. మబ్బు చెట్ల నడుమ నుంచి కట్టెల పొయ్యి పొగలా జరిగిపోతోంది. వాన లేదు. అయినా ఆకుల కొనల నుంచి చుక్కలు రాలుతూనే ఉన్నాయి. గైడు చెయ్యి ఎత్తకుండా గడ్డంతోనే చెట్టు వైపు చూపించి, స్పానిష్‌లో రెండు ముక్కలు మెల్లగా అన్నాడు.

"మామయ్యా, ఎదురుగానే ఉందట. కదలకుండా చూడమంటున్నాడు" అంది మా మేనకోడలు నా చెవి దగ్గర.

చూశాను. ఆకులు, కొమ్మలు, కొమ్మల నిండా నాచు. నా మనసులో ఉన్న క్వెట్జల్ వేరు. పుస్తకం అట్ట మీద చూసిన పిట్ట అది. పచ్చల హారంలా మెరిసే ఒళ్లు, దానిమ్మ గింజల రంగు పొట్ట, మీటరు దాకా వేలాడే ఈకలు. అంత రంగుల పిట్ట ఎదురుగా ఉంటే కనపడకపోవడం ఏమిటి? బైనాక్యులర్స్ ఎత్తాను, ఆ కొమ్మ నుంచి ఈ కొమ్మకి గబగబా తిప్పాను, దించాను. ఫోను తీసి జూమ్ చేశాను. మళ్లీ బైనాక్యులర్స్. "ఎక్కడ? ఎక్కడ?" అని మూడుసార్లు అడిగాను. అలా పదకొండు నిమిషాలు గడిచాయని మా మేనకోడలు తర్వాత చెప్పింది.

అప్పుడు టప్పుమని ఏదో నేల మీద పడింది. ఉసిరికాయంత గింజ. గైడు దాన్ని చూసి నవ్వి, మళ్లీ గడ్డం పైకెత్తాడు. గింజ పడిన చోటు నుంచి నిట్టనిలువుగా పైకి చూశాను. ఇంతసేపూ నేను ఆకుల గుబురు అనుకున్నది నెమ్మదిగా తల తిప్పింది.

ఈ అధ్యాయం ఆ పదకొండు నిమిషాల గురించి. ఆ సమయంలో నేను చేసిన పొరపాట్లు అడవి దాకా వెళ్లకుండానే, ఇంట్లోనూ ఆఫీసులోనూ రోజూ చేస్తున్నవే. వాటిని మానుకునే పద్ధతి ఒకటి ఉంది. అది ఎవరైనా నేర్చుకోవచ్చు, దానికి ఒక్క పైసా ఖర్చు కాదు. నాకు దాన్ని నేర్పింది పిట్టలు కాబట్టి వాటి ద్వారానే మీకూ చెబుతాను.

ముందు, ఆ పిట్ట ఎందుకు కనపడలేదో చూద్దాం. క్వెట్జల్ మెక్సికో దక్షిణం నుంచి పనామా పడమటి దాకా ఉన్న ఎత్తైన కొండల మీద, మబ్బులు నేరుగా వచ్చి చెట్లను తాకే అడవుల్లో ఉంటుంది. గ్వాటెమాలా దేశానికి అది జాతీయ పక్షి. వాళ్ల డబ్బు పేరు కూడా క్వెట్జలే. మాయా, ఆజ్‌టెక్ రాజులు దాని ఈకల్ని తలపాగాల్లో ధరించేవారు. మనం తోక అనుకునే ఆ పొడవాటి ఈకలు నిజానికి తోక కావు. తోకను పైనుంచి కప్పే ఈకలే మగపిట్టలో అలా పెరుగుతాయి.

దాని పచ్చదనం రంగు పూసిన పచ్చదనం కాదు. ఈకల్లోని సన్నటి పోగుల లోపల మెలనిన్ రేణువులు పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. వెలుతురు వాటి మీద పడి ప్రతిఫలించి మనకి పచ్చగా కనపడుతుంది. మీరు నిలబడిన చోటు మారితే అదే ఈక నీలంగానో బంగారు రంగులోనో తోస్తుంది. తడిసిన ఆకు కూడా వెలుతురుకి అలాగే తళతళలాడుతుంది. మబ్బుల అడవిలో ఆకులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి కదా. కాబట్టి బొమ్మలో అంత కొట్టొచ్చినట్టు కనపడే పచ్చ, దాని సొంత ఇంట్లో ఆకుల్లో కలిసిపోతుంది.

ఎర్రటి పొట్ట మాటేమిటంటారా? మనిషి అలికిడి వినగానే ఈ పిట్ట తరచుగా మనకి వీపు తిప్పి కూర్చుంటుంది. మన పడమటి కనుమల్లోనూ, తూర్పు కనుమల్లో అక్కడక్కడా కనిపించే మలబార్ ట్రోగన్ దీనికి దాయాదే, ఒకే కుటుంబానికి చెందిన పిట్ట. దాని మగపిట్టకీ పొట్ట ఎరుపే. అదీ అలాగే గోధుమరంగు వీపు మనవైపు పెట్టి కదలకుండా కూర్చుంటుంది. రెండింటికీ తొందర లేదు. పావుగంట ఒకే కొమ్మ మీద ఉండి, తల మాత్రం గడియారం ముల్లులా మెల్లగా తిప్పగలవు. దీనికి తోడు తెల్లవారుజాము వెలుతురు ఒకటి. మసక వెలుతురులో మన కంటికి ముందుగా నల్లబడిపోయేది ఎరుపే. ఆ సమయంలో పొట్ట మనవైపే ఉన్నా నల్లటి మచ్చలా కనపడుతుంది.

ఇప్పుడు నా సంగతి. నా కళ్లలో ఏ లోపమూ లేదు, అద్దాలు సరిగ్గానే ఉన్నాయి. బుర్రలో ముందే ఒక బొమ్మ ఉంది. ఎర్ర పొట్ట, పొడవు తోక, పూర్తి పిట్ట. అచ్చం ఆ బొమ్మ కోసమే వెతికాను. దానికి సరిపోలని ప్రతిదాన్నీ "ఇది కాదు" అని కన్ను తోసేసింది. తోసేసిన వాటిలో పిట్ట కూడా ఉంది.

ఇంట్లోనూ ఇదే చేశాను. మా అబ్బాయి పదో తరగతిలో ఉన్నప్పటి ఒక సాయంత్రం నన్ను ఇప్పటికీ వదలదు. ఆఫీసు నుంచి వచ్చి "ఎలా ఉందిరా పరీక్ష?" అన్నాను. వాడు వీపు నావైపు పెట్టి, కిటికీ దగ్గర కూర్చుని బూట్ల తాళ్లు విప్పుతున్నాడు. "బాగానే రాశాను నాన్నా" అన్నాడు. నా మనసులో ఉన్న బొమ్మ మార్కులది. వాడి జవాబు దానికి సరిపోయింది. నా పని అయిపోయింది. ఆ తాళ్లు విప్పడానికి వాడికి అయిదు నిమిషాలు ఎందుకు పట్టిందో నేను చూడలేదు. వాడు వారం రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదని వాళ్ల అమ్మ చెప్పిన రోజున గానీ నాకు తెలియలేదు, బడిలో వాణ్ని ఎవరో బాగా ఏడిపిస్తున్నారని. వాడు దాచలేదు. నాకు ఎదురుగానే ఉన్నాడు.

సరే, పద్ధతికి వద్దాం. గైడు ఆ ఉదయమే కాక, తర్వాతి రెండు రోజులూ నాకు ఓపికగా నేర్పిన విషయాలివి.

మొదట చేతులు దించాలి. బైనాక్యులర్స్ వెతకడానికి పనికిరావు, చూడటానికే పనికొస్తాయి. వాటిలో నుంచి చూస్తే అడవిలో ఒక చిన్న గుండ్రటి ముక్క మాత్రమే కనపడుతుంది. వెతికే పని ఒట్టి కంటిది. చెట్టులో ఏదో ఒక్క చోట చూపు గుచ్చకుండా, చెట్టు మొత్తం మీద చూపు పరిచి ఉంచాలి. మన కంటికి నడిమి భాగం రంగుల్నీ వివరాల్నీ బాగా పడుతుంది, అంచులు కదలికని ఇట్టే పసిగడతాయి. చూపు పరిచి ఉంచితే ఆ అంచులు మనకోసం పని చేస్తాయి. కదలిక కనపడ్డాక, కళ్లు దాని మీంచి తీయకుండా బైనాక్యులర్స్ మాత్రమే పైకి తెచ్చి కళ్లకి ఆనించాలి. చాలామంది తల దించి, పరికరాన్ని చూసుకుని, ఎత్తుతారు. ఈలోగా చోటు తప్పిపోతుంది. (కొనాలనుకునేవారికి ఒక మాట: 8×42 అని రాసి ఉన్నవి చాలు. అంతకన్నా ఎక్కువ పెద్దవి చేసి చూపించేవి చేతి వణుకునీ పెద్దవి చేస్తాయి. చీకటి అడవిలో వెలుతురూ తక్కువ ఇస్తాయి.)

రెండోది, రంగు వెతకడం మానేసి, పొసగనిదాన్ని వెతకాలి. ఆకులన్నీ వంపులు తిరిగి ఉన్నచోట ఒక్కటి మాత్రం తాడులా నిలువుగా వేలాడుతుంటే, అది క్వెట్జల్ ఈక కావచ్చు. గాలికి అన్ని ఆకులూ ఒకవైపు ఊగుతుంటే ఊగని ముక్క ఏదైనా ఉందా? గాలి లేనప్పుడు ఒక్క కొమ్మే ఊగుతోందా? మూడు రోజుల్లో నేను సొంతంగా పట్టుకున్న పిట్టలన్నీ ఇలా పట్టుకున్నవే. రంగు చూసి పట్టుకున్నది ఒక్కటీ లేదు.

మూడోది, చెట్టు గురించి తెలుసుకోవాలి. క్వెట్జల్‌కి ప్రాణం లాంటి తిండి అడవి అవకాడో పండ్లు. గాలిలోకి ఎగిరి పండు తెంపుకుని, కొమ్మ మీదికి తిరిగివచ్చి మొత్తంగా మింగేస్తుంది. గుజ్జు అరిగాక గింజని నోట్లోంచే బయటికి తెస్తుంది. ఆ ఉదయం నాకు దారి చూపింది అదే గింజ. గైడు అడవి అంతా తిరగడు. పండ్లున్న చెట్టు ఏదో తెలుసుకుని దాని కింద నిలబడతాడు. గూళ్ల కాలం మార్చి నుంచి జూన్ దాకా. ఆ తర్వాత పండ్లను వెతుక్కుంటూ కొండ దిగి కింది అడవులకి వెళ్లిపోతాయి. ఆ కింది అడవులు చాలావరకు రక్షిత ప్రాంతాలు కావు, సొంత భూములు. పైన అడవిని ఎంత కాపాడినా కింద పండ్ల చెట్లు లేకపోతే ఈ పిట్ట బతకలేదు. అందుకే అక్కడ కొందరు రైతులు పశువుల బీడుల్లో ఈ అవకాడో చెట్లను నరకకుండా నిలుపుకుంటున్నారు. వాళ్ల మీద నాకు ఎంతో గౌరవం కలిగింది.

అడవిని నిలుపుకోవడం ఆ ఊరికి కొత్త కాదు. మోంటెవెర్దే అంటే పచ్చ కొండ అని అర్థం. 1951లో అమెరికాలోని అలబామా నుంచి, యుద్ధం వద్దనే క్వేకర్ అనే క్రైస్తవ శాఖకి చెందిన కొన్ని కుటుంబాలు అక్కడికి వలస వచ్చాయి. యుద్ధానికి పేరు నమోదు చేసుకోమంటే ఒప్పుకోక జైలుకి వెళ్లినవారు వాళ్లలో ఉన్నారు. కోస్టారికా అంతకు మూడేళ్ల ముందే, 1948లో, సైన్యాన్ని రద్దు చేసింది. వాళ్లు పాడి పెట్టుకున్నారు, జున్ను తయారుచేశారు. తమ ఊరికి నీళ్లిచ్చే కొండ కొమ్మునున్న అడవిని మాత్రం నరకకుండా వదిలేశారు. 1972లో మొదలైన రక్షిత అడవికి తర్వాత అదీ కలిసింది. అదే కొండ మీద మాత్రమే బతికిన బంగారు రంగు కప్ప ఒకటి ఉండేది. 1989 తర్వాత దాన్ని ఎవరూ చూడలేదు. ఇది రాస్తుంటే మనసు బరువెక్కుతోంది. చూడటం నేర్చుకోవడానికి మనకి గడువేమీ లేదనుకుంటాం గానీ, చూడవలసినవాటికి గడువుంది.

నాలుగో విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా జీవితంలో ఎక్కువగా పనికొచ్చింది అదే. ఆ అడవిలో గంటసేపు నడిచినా ఒక్క పిట్ట లేదన్నంత నిశ్శబ్దం ఉంటుంది. హఠాత్తుగా చుట్టూ చెట్లన్నీ పిట్టలైపోతాయి. పసుపు గొంతువి, నీలం రెక్కలవి, ఎర్ర తల టోపీ పెట్టుకున్నట్టున్నవి, మోడుల మీద పాకేవి, ఆకుల అడుగున తలకిందులుగా వేలాడేవి. పది పదిహేను జాతులు ఒక గుంపుగా తిండి వెతుక్కుంటూ అలలా వచ్చి దాటిపోతాయి. ఎక్కువ కళ్లుంటే డేగ భయం తక్కువ. ఒకటి లేపిన పురుగు మరొకదానికి దొరుకుతుంది. అందుకని కలిసి తిరుగుతాయి. మొదటిసారి ఆ అల వచ్చినప్పుడు నేను ఇరవై పిట్టల మీద ఇరవై అర సెకన్లు చూపు పెట్టి ఉంటాను. గుంపు వెళ్లిపోయాక మా మేనకోడలు "ఏమేం చూశారు మామయ్యా?" అంటే ఒక్కదాన్నీ వర్ణించలేకపోయాను.

గైడు చెప్పింది ఇది. గుంపు వస్తే ఒక్కదాన్నే ఎంచుకో. అది వెళ్లిపోయేదాకా దానితోనే ఉండు. మిగతావి పోతే పోనీ.

రెండోసారి అలాగే చేశాను. ఎర్ర తల టోపీ ఉన్న చిన్న పిట్టని పట్టుకున్నాను. కాలర్డ్ రెడ్‌స్టార్ట్ అంటారు. ముఖం పసుపు, నెత్తిన దాల్చినచెక్క ఎరుపు, ఛాతీ మీద నల్ల పట్టీ. బహుశా రెండు నిమిషాలు. అది ఆకు మీద వాలి, తోకని విసనకర్రలా విప్పి, అటు నుంచి లేచిన పురుగుని గాలిలో పట్టి, మళ్లీ అక్కడికే వచ్చింది. తోక విప్పడం ఊరికే కాదు, పురుగుని బెదరగొట్టి లేపడానికని నా కళ్లతో నేను అర్థం చేసుకున్నాను. ఆ రెండు నిమిషాలు నాకు ఈరోజుకీ గుర్తున్నాయి. మొదటి గుంపు గుర్తులేదు. ఆఫీసులో పొద్దున్నే పనులన్నీ గుంపుగా మీద పడ్డప్పుడు ఈ మాట నాకు గుర్తొస్తుంది. ఒకటి తీసుకుని, అది పూర్తిగా అయ్యేదాకా దానితోనే ఉంటాను.

ఓపిక గురించి చెప్పాలంటే అలెగ్జాండర్ స్కచ్ పేరు తలచుకోకుండా ఉండలేను. 1904లో పుట్టిన అమెరికన్. వృక్షశాస్త్రంలో డాక్టరేట్ చేసి, అరటి మొక్కల మీద పరిశోధనకి పనామా వచ్చాడు. ప్రయోగశాల కిటికీ పక్కన ఒక తేనెపిట్టంత చిన్న హమ్మింగ్‌బర్డ్ గూడు కట్టింది. దాన్ని చూస్తూ చూస్తూ ఆయన దారి మారిపోయింది. మ్యూజియంలకి మొక్కల నమూనాలు సేకరించి అమ్ముతూ, ఆ డబ్బుతో బతుకుతూ, మధ్య అమెరికా కొండల్లో పిట్టల గూళ్ల ముందు కూర్చున్నాడు. 1937, 38 సంవత్సరాల్లో కోస్టారికా కొండల్లో క్వెట్జల్ గూళ్లని గంటలకి గంటలు గమనించి, దాని కుటుంబ జీవితమంతా 1944లో ప్రచురించాడు. పుచ్చిన చెట్టు మోడులో తొర్ర చేసుకుంటుంది ఈ పిట్ట. లేత నీలం గుడ్లు, సాధారణంగా రెండు. రాత్రి ఆడపిట్ట పొదుగుతుంది, పగలు చాలాసేపు మగపిట్ట వంతు. లోపల కూర్చున్నప్పుడు ఆ పొడవాటి ఈకల కొనలు తొర్ర నోటి నుంచి బయటికి వచ్చి, చెట్టుకి మొలిచిన ఆకుల్లా ఊగుతుంటాయి. చాలామంది శాస్త్రవేత్తలు పిట్టల్ని కాల్చి, పెట్టెల్లో సర్ది చదివే రోజుల్లో, ఆయన వాటి ముందు కూర్చుని చదివాడు. నూరో పుట్టినరోజుకి ఎనిమిది రోజుల ముందు, 2004లో, కోస్టారికాలో తన తోటలోనే కన్నుమూశాడు.

చూడాలన్న ఆత్రం పిట్టకి హాని చేయకూడదు. రికార్డు చేసిన కూత వినిపిస్తే పిట్ట తన ప్రాంతంలోకి మరొకటి చొరబడిందనుకుని, తిండీ గూడూ వదిలి పరుగెత్తుకొస్తుంది. మనకి ఫొటో వస్తుంది, దానికి ఒక పూట పోతుంది. ఆ పని చేయకండి. గూటి దగ్గరకి వెళ్లకండి. దసరాకి పాలపిట్టని చూడటం మనకి శుభం. కానీ కొందరు వాటిని వలేసి పట్టి, పంజరంలో ఇంటింటికీ తిప్పి డబ్బులు తీసుకుంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పంజరంలో ముడుచుకున్న పాలపిట్ట మట్టిరంగులో ఉంటుంది. దాని నీలంలో ఎక్కువ భాగం రెక్కల్లో ఉంది. ఎగిరితేనే బాగా కనపడుతుంది. తీగ మీద కూర్చున్న పాలపిట్ట లేచేదాకా ఆగి చూడండి, ఈ దసరాకి.

ఇక మీ సాధన. దీనికి కోస్టారికా అక్కర్లేదు. మీ వీధిలో ఒక రావిచెట్టో మర్రిచెట్టో ఎంచుకోండి, కాయ మీద ఉంటే ఇంకా మంచిది. పదిహేను రోజులు, పొద్దున్నే ఇరవై నిమిషాలు, అదే చెట్టు, అదే చోటు. ఫోను ఇంట్లో పెట్టండి. మొదటి వారం బైనాక్యులర్స్ కూడా వద్దు. పిట్టల పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు. ఇంటికొచ్చాక నోటు పుస్తకంలో మూడే ముక్కలు రాయండి: ఏం విన్నాను, ఏం కదిలింది, ఏది నేను అనుకున్నట్టు లేదు. మూడో ముక్కే అన్నిటికన్నా ముఖ్యం. అది రాయడానికి ఏమీ దొరకని రోజున మీరు చెట్టుని కాక మీ బుర్రలో బొమ్మనే చూసొచ్చారన్నమాట.

మొదటి మూడు నాలుగు రోజులు విసుగు పుడుతుంది. నాకూ పుట్టింది. పాల ప్యాకెట్, కరెంటు బిల్లు, ఎవరికో చేయాల్సిన ఫోను, అన్నీ గుర్తొస్తాయి. రానివ్వండి, లేవకండి. మీరు వచ్చిన అలికిడికి చెట్టు మూగబోతుంది, తేరుకోవడానికి పది పదిహేను నిమిషాలు దానికీ కావాలి. అయిదో రోజు ప్రాంతంలో చెవి ముందు తెరుచుకుంటుంది. టంకు టంకుమని సుత్తి దెబ్బలాంటి శబ్దం కంసాలి పిట్టది. వేణువు ఊదినట్టు రెండు స్వరాలు వినపడి ఏమీ కనపడకపోతే అది వంగపండు పిట్ట. అంత పసుపు పిట్ట కూడా ఎండ పడ్డ ఆకుల్లో మాయమవుతుంది.

మా వీధి చివరి రావిచెట్టు కింద నేను పన్నెండో రోజు కూర్చున్నాను. ఎండాకాలం మొదలు, చెట్టు నిండా కాయలు. ఒక పిట్టా లేదు. చూపు పరిచి ఉంచాను. కాయ ఒకటి రాలింది. కాసేపటికి ఇంకొకటి. గాలి లేదు. రాలిన చోటికి నిలువుగా పైకి చూస్తే ఒక ఆకుకి పసుపు కాళ్లున్నాయి. పచ్చ పావురం. దాని పక్కన ఇంకో రెండు. పన్నెండు రోజులుగా అవి అక్కడే తింటున్నాయేమో.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకు, ఏడేళ్లవాడు, బడి సంచీతో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"తాతా, ఏం చూస్తన్నావ్?"

గడ్డం పైకెత్తి చూపించాను. వాడు నోరు తెరుచుకుని పైకి చూస్తూ ఉండిపోయాడు. ఏ పిట్ట, ఎక్కడ అని అడగలేదు. బడి బస్సు హారన్ కొట్టింది. వాడు కదల్లేదు.

"నాలుగు" అన్నాడు.

నేను మూడే లెక్కపెట్టాను. మళ్లీ చూశాను.